చొక్కా కింద పట్టే పిస్టల్ ఏది?

ఈ వారం ఉత్తరం వరంగల్ ఏనుమాముల నుంచి వచ్చింది. రాసినాయనకు 46 ఏండ్లు, మిర్చి అడ్తి వ్యాపారం. పేరు, దుకాణం నంబరు బయట పెట్టొద్దన్నారు. ఆనవాళ్లు పట్టించే మరికొన్ని వివరాలు నేనే తీసేశాను. నాలుగు పేజీల ఉత్తరంలో ఉన్న సంగతి ఇది.

పోయిన సీజన్‌లో, మార్చి నెలలో ఒకరోజు రాత్రి ఎనిమిదిన్నరకు ఆయన పరకాల దిక్కు రైతులకు ఇవ్వాల్సిన పైసలు తీసుకుని బైక్ మీద బయల్దేరారు. సంచిలో 6 లక్షల 40 వేలు. ఊరు దాటినంక ఒక మలుపు దగ్గర ముగ్గురు అడ్డం వచ్చారు. సంచి వదలకపోయేసరికి ఒకడు కత్తితో కుడి ముంజేతి మీద కోశాడు. పైసలు పోయాయి, నరం తెగింది. ఆపరేషన్ అయింది గానీ ఉంగరం వేలు, చిటికెన వేలు ఇప్పటికీ మొద్దుబారే ఉన్నాయట. కేసు నమోదైంది, ఇంతవరకు ఎవరూ దొరకలేదు. అప్పటినుంచి చీకటి పడితే బయటికి పోవాలంటే కాళ్లు ఆడడం లేదు. వెనుక బండి చప్పుడైతే చెమటలు పడుతున్నాయి. నిద్రకు మాత్ర వేసుకుంటున్నారు.

ఇప్పుడు తుపాకీ లైసెన్సుకు దరఖాస్తు పెట్టాలనుకుంటున్నారు. "చిన్నగుండాలె, చొక్కా కింద పెట్టుకుంటే ఎవలకూ కనబడొద్దు, తీస్తే పనిజెయ్యాలె. ఏది తీసుకోమంటరు?" ఇదీ ఆయన ప్రశ్న. డాలస్‌లో ఉండే పెద్దనాయన కొడుకు గ్లాక్ 43, సిగ్ పీ365 వీడియోలు పంపిస్తున్నాడు. మార్కెట్‌లో తోటి అడ్తిదారు నిర్భీక్ మంచిదంటున్నాడు. ఇంకొకరు ప్రబల్ అంటున్నారు. బామ్మర్దేమో "లైసెన్సు గిట్ల ఎందుకు బావా, 35 వేలకు నేనే తెప్పిస్త" అంటున్నాడు. ఇంటామె మాత్రం వద్దంటోంది. ఆమె అడిగేది ఒకటే: "రాత్రిపూట దాన్ని యాడ పెడ్తవ్?" కొడుకు ఇంటర్, బిడ్డ ఎనిమిదో తరగతి.

ఉత్తరం చివర ఒక వాక్యం కొట్టేసి, కింద మళ్లీ రాశారు: "ఆ ముగ్గురిలో ఒకని నడక నాకు తెలుసు. మా దగ్గర హమాలీ చేసి మానేసినోని తమ్ముడే అనిపిస్తున్నది. ఎదురుపడితే ఈసారి ఊరుకోను."

తమ్ముడూ,

మీ ఉత్తరం మూడుసార్లు చదివాను. చెయ్యికి ఫిజియోథెరపీ చేయిస్తున్నారా, నిద్రమాత్రలు ఎన్నాళ్లుగా వేసుకుంటున్నారు అని ముందు అడగాలనిపించింది. కానీ మీరు అడిగింది తుపాకీ గురించి. నేను పోలీసు ఆర్మ్‌డ్ రిజర్వ్‌లో ఆర్మరర్‌గా 28 ఏండ్లు తుపాకులు విప్పి, తుడిచి, బిగించిన మనిషిని. అడిగినదానికి దాటవేయకుండా జవాబు చెప్తాను. మిగతావి ఆ తర్వాత మాట్లాడుకుందాం.

డాలస్ వీడియోల సంగతి ముందు తేల్చేద్దాం. గ్లాక్ 43 2015లో, సిగ్ పీ365 2018లో వచ్చాయి. రెండూ బట్టల కింద దాచుకుని తిరగడానికే తయారుచేసిన చిన్న పిస్టళ్లు, మంచివే. డాలస్ ఉన్న టెక్సాస్‌లో 2021 సెప్టెంబర్ నుంచి 21 ఏండ్లు నిండి, తుపాకీ ఉంచుకునే అర్హత ఉన్నవాళ్లు పర్మిట్ లేకుండానే నడుముకు పెట్టుకుని తిరగొచ్చు. మీ అన్న అక్కడ దుకాణానికి పోయి ఐదారు రకాలు చేతిలో పట్టి చూసుకోగలడు. (ఆయన గ్రీన్ కార్డు మీద ఉన్నాడో, వీసా మీద ఉన్నాడో మీరు రాయలేదు. హెచ్‌1బీ, స్టూడెంట్ వీసా లాంటి తాత్కాలిక వీసా మీద ఉన్నవాళ్లను, వేట లైసెన్సు వంటి కొద్ది మినహాయింపులు తప్ప, అక్కడి కేంద్ర చట్టం తుపాకీ దగ్గర ఉంచుకోనివ్వదు. మన పిల్లలు చాలామందికి ఇది తెలియదు. ఆయనకు ఈ మాట చేరవేయండి.) ఇక్కడ మాత్రం ఆ రెండింటి ముచ్చట వదిలేయాలి. రెండూ 9 ఎంఎం. అది సైన్యం, పోలీసులు వాడే గుండు కాబట్టి మన దగ్గర నిషిద్ధ బోరు (బోరు అంటే గొట్టం లోపలి కొలత) కిందికి వస్తుంది. మామూలు పౌరుడికి లైసెన్సు మీద దొరికేవి .32, .22 లాంటి బోర్లు. విదేశీ తుపాకుల దిగుమతి సామాన్యులకు 1980ల నుంచే లేదు. ఎప్పుడో వచ్చిన పాతవే చేతులు మారుతుంటాయి. పేరు చూసి వాటికి లక్షలు పోస్తారు గానీ, అరిగిన స్ప్రింగులు మార్చడానికి నేను పడ్డ తిప్పలు నాకు తెలుసు.

మీ బామ్మర్ది మాట రెండో ఆలోచన లేకుండా తోసిపుచ్చండి. ఇందులో మీకు రెండు దారులు చూపించలేను. ఆయుధ చట్టానికి 2019లో చేసిన సవరణ తర్వాత లైసెన్సు లేని తుపాకీ దగ్గర దొరికితే కనీసం 2 ఏండ్లు, గరిష్ఠంగా 5 ఏండ్లు జైలు, పైన జరిమానా. నిషిద్ధ ఆయుధమైతే 7 నుంచి 14 ఏండ్లు. తెచ్చి అమ్మినవాడికి ఇంకా ఎక్కువ, అంటే మీ బామ్మర్ది కూడా మునుగుతాడు. జైలు మాట పక్కన పెట్టినా, కేసుల్లో పట్టుకొచ్చిన నాటు పిస్టళ్లు నా బల్ల మీదికి చాలా వచ్చాయి. నీళ్ల పైపు ముక్కను గొట్టంగా పెట్టినవి, కింద పడితే పేలేవి, సేఫ్టీ మీట ఉన్నా అది దేనికీ తగలనివి చూశాను. ఒకదాని గొట్టం అరటిపండు తొక్కలా విచ్చుకుని ఉంది. దాన్ని పట్టుకున్నవాడి చెయ్యి ఎలా ఉండి ఉంటుందో ఊహించుకోండి. మీకున్నది ఒకటే మంచి చెయ్యి.

ఇక చట్టం ఒప్పుకునేవి. నిర్భీక్ 2014లో వచ్చింది. కాన్పూర్ తయారీ, .32 రివాల్వర్, ఆరు గుండ్లు, బరువు 500 గ్రాములు. మధ్యలో విరిచినట్టు తెరిచి గుండ్లు నింపాలి. ప్రబల్ 2023 ఆగస్టులో వచ్చింది. అదీ కాన్పూర్‌దే, .32 రివాల్వరే. గొట్టం 76 మిల్లీమీటర్లు, బరువు 675 గ్రాములు. గుండ్ల చక్రం పక్కకు తెరుచుకుంటుంది కాబట్టి నింపడం సులువు. 50 మీటర్ల దూరం కొడుతుందని దాని ప్రచారం. మీరు కనబడకుండా పెట్టుకుని, మీద పడ్డవాడి నుంచి కాపాడుకోవాలనుకునే మనిషి కాబట్టి ఆ 50 మీటర్ల లెక్కతో మీకు పనిలేదు. అశని .32 పిస్టల్. పలకగా, పల్చగా ఉంటుంది కాబట్టి చొక్కా కింద అన్నింటికంటే తక్కువ ఉబ్బు కనిపించేది అదే. ఇవిగాక నిడర్ అని .22 రివాల్వర్ ఉంది, 250 గ్రాములే. జేబులో ఉన్నట్టే తెలియదు. కానీ .22 చాలా చిన్న గుండు, ప్రాణరక్షణకు నేనైతే దాని మీద నమ్మకం పెట్టుకోను. ఒక జాగ్రత్త కూడా చెప్పాలి: రివాల్వర్ .32, పిస్టల్ .32 రెండూ ఒకే అంకె అయినా గుండ్లు వేరు. రివాల్వర్ గుండుకు అడుగున అంచు ఉంటుంది, పొడవూ ఎక్కువ. ఒకదానిది ఇంకొకదాంట్లో పనిచేయదు. లైసెన్సులో ఆయుధం రకం, బోరు సరిగా రాయించుకోకపోతే తర్వాత తిరిగి తిరిగి చెప్పులు అరుగుతాయి.

వీటిలో మీకు ఏది నప్పుతుందో తేల్చేది మీ కుడి చెయ్యి. పిస్టల్‌లో గుండు ఎక్కించాలంటే ఒక చేత్తో పిడిని గట్టిగా బిగించి, ఇంకో చేత్తో పైనున్న స్లైడ్‌ను వెనక్కి లాగాలి. మీకు మొద్దుబారిన ఉంగరం వేలు, చిటికెన వేలే పిడిని కింద పట్టి ఉంచేవి. ఆ పట్టు వదులైతే పేలినప్పుడు పిస్టల్ చేతిలో ఎగురుతుంది. ఒక్కోసారి ఖాళీ తొడుగు బయటపడక ఇరుక్కుంటుంది కూడా. రివాల్వర్‌లో ఆ ఇబ్బంది లేదు, ట్రిగర్ నొక్కితే చక్రం తిరిగి పేలుతుంది. కానీ వెనుకనున్న సుత్తిని (హ్యామర్) ముందే వెనక్కి లాగకుండా నేరుగా నొక్కాలంటే ట్రిగర్ చాలా బరువుగా ఉంటుంది. చూపుడు వేలు బలంగా ఉండాలి, అది నొక్కేటప్పుడు మిగతా చెయ్యి కదలకూడదు. మీరు ఎడమ చేత్తో నేర్చుకోవడం కూడా ఒక దారే. నలభై దాటినంక ఎడమ చేతికి మారినవాళ్లను చూశాను, ఆరు నెలల ఓపిక కావాలి. పిస్టల్, రివాల్వర్, ఎడమ చెయ్యి, ఈ మూడింటినీ కొనకముందే శిక్షణలో పట్టి చూడండి. పట్టి చూడకుండా నన్ను ఒకటి చెప్పమంటే, ఇప్పుడున్న చేతికి రివాల్వర్ అంటాను, అందులో కాస్త బరువున్న ప్రబల్ అంటాను. బరువెందుకంటే, పేలినప్పుడు చేతికి తగిలే దెబ్బను అదే మింగుతుంది.

చిన్న తుపాకీ వాడటం సులువని చాలామంది అనుకుంటారు. మా దగ్గర కొత్తగా వచ్చిన కానిస్టేబుళ్లు కూడా అలాగే అనుకునేవారు. పిడి పొట్టి, కాబట్టి పట్టు తక్కువ. బరువు తక్కువ, కాబట్టి చేతికి తగిలే దెబ్బ ఎక్కువ. గొట్టం పొట్టి, కాబట్టి గురి చూసే ముందు గుర్తుకు, వెనుక గుర్తుకు మధ్య దూరం తక్కువ. ఆ దూరం 10 సెంటీమీటర్లనుకోండి. భయంతో వణికే చేతిలో ముందు గుర్తు 2 మిల్లీమీటర్లు పక్కకు జరిగితే 10 మీటర్ల దూరంలో గుండు 20 సెంటీమీటర్లు పక్కకు పోతుంది. దాదాపు జానెడు. అంటే మనిషికి తగలకుండా పోయి వెనుక ఉన్న ఇంకెవరికో తగలొచ్చు. అనుభవం ఉన్నవాడికే చిన్నది కష్టం.

పెట్టుకోవడం గురించి. మీరు కనబడకుండా ఉండాలనుకోవడంలో తప్పేం లేదు, చట్టం చెప్పేదీ అదే. 2016 ఆయుధ నియమాల ప్రకారం బయట చిన్న తుపాకీ పట్టుకుపోతే అది హోల్‌స్టర్‌లోనో అలాంటి తొడుగులోనో ఉండాలి, పూర్తిగా కప్పి ఉండాలి, మీ అదుపులో ఉండాలి. బయటికి తీసి చూపించడమే నేరం. హోల్‌స్టర్ లేకుండా ప్యాంటు బొందులో దోపుకునేవాళ్లు మనదగ్గర మస్తుమంది. నా సర్వీసులో ఒక వ్యాపారి అలాగే దోపుకుని స్కూటర్ దిగుతుంటే బనియన్ అంచు ట్రిగర్‌లో చిక్కుకుని పేలింది. తొడలోంచి పోయింది, ప్రాణం దక్కింది. ట్రిగర్‌ను పూర్తిగా కప్పే గట్టి హోల్‌స్టర్, అది జారకుండా పట్టి ఉంచే గట్టి బెల్టు, ఈ రెండూ లేకుండా ఒక్క అడుగు వేయొద్దు. ఇంకొకటి, మన ఎండలు. మేలో నడుముకు అంటుకుని ఉన్న ఇనుము రోజంతా చెమటలో నానుతుంది. మీరు మిర్చి యార్డులో ఉండేవారు కూడా, ఆ ఘాటు దుమ్ము సందుసందులోకి దూరుతుంది. వారానికోసారి విప్పి తుడిచి నూనె పెట్టకపోతే అక్కరకొచ్చిన రోజు కదలదు. ఎన్నికలప్పుడు లైసెన్సు తుపాకులు స్టేషన్లలో జమ చేస్తారు కదా, అప్పుడు చూసేవాణ్ణి. ఎన్నో పిస్టళ్లు కొన్ననాటి నుంచి ఒక్కసారి కూడా పేల్చలేదు. లోపల తుప్పు, గుండ్ల మీద పచ్చ చిలుము. ఆ యజమానులు ఏండ్ల తరబడి దాని ధైర్యం మీదనే తిరిగారు.

ఇప్పుడు ఆ రాత్రికి వద్దాం. మీ నడుముకు ఆ రోజే ప్రబల్ ఉందనుకోండి. రెండు చేతులూ బైక్ హ్యాండిల్ మీద ఉన్నాయి. ముగ్గురు అడ్డం వచ్చారు. బ్రేక్ వేయాలి, కాలు కింద పెట్టాలి, చొక్కా పైకి లాగాలి, హోల్‌స్టర్ నుంచి తీయాలి, ఎత్తాలి. 1983లో అమెరికాలో సాల్ట్ లేక్ సిటీ పోలీసు అధికారి డెన్నిస్ టుల్లర్ ఒక లెక్క రాశారు. కత్తి పట్టుకున్నవాడు 21 అడుగుల దూరం నుంచి ఒకటిన్నర సెకనులో మీద పడతాడని. శిక్షణ ఉన్న పోలీసు, బయటికి కనిపించే హోల్‌స్టర్ నుంచి తీసి కాల్చడానికే దాదాపు అంత సమయం పడుతుంది. చొక్కా కింద దాచినదానికి ఇంకా ఎక్కువ. మీ మీదికి వచ్చినవాళ్లు ముగ్గురు, అదీ రెండు మూడు గజాల దూరం నుంచి. మిమ్మల్ని నిరుత్సాహపరచాలని ఇది చెప్పడం లేదు. ఆ రాత్రి తుపాకీ ఉంటే అది వాళ్ల చేతిలోకి పోయి ఉండేదని నా అంచనా. అలాంటి ముచ్చట్లు తెలిసిన వయసే మీది. మన ఉత్తర తెలంగాణ పల్లెల్లో 1980, 90లలో లైసెన్సు తుపాకీ ఉన్న ఇల్లే ముందు నక్సలైట్ దళాల కంట్లో పడేది. కాపాడుతుందని కొన్న ఇండ్లకు, ఆ తుపాకీ కోసమే రాత్రిపూట తలుపు కొట్టారు.

మీ ఉత్తరంలో మీరు పెద్దగా పట్టించుకోని విషయం ఒకటుంది. సంచిలో పైసలున్నాయని, ఆ రోజు, ఆ వేళ, ఆ దారిన పోతారని వాళ్లకు తెలుసు. అనుకోకుండా దొరికిన మనిషివి కావు మీరు. యార్డులో ఎవరి కాంటాలు ఎప్పుడు అయ్యాయి, ఎవరు బ్యాంకుకు పోయి వచ్చారు, ఎవరు ఏ ఊరికి పైసలు పంచడానికి పోతున్నారు, ఇవన్నీ తూకం వేసే దడ్వాయికి, హమాలీలకు, పక్క అడ్తి గుమాస్తాకు, చాయ్ పిల్లగానికి తెలుస్తాయి. అలాంటి చోట మీ నడుముకున్న పిస్టల్ దాగుతుందా? చొక్కా కింద చెయ్యి సర్దుకోవడం వారంలో పదిమంది చూస్తారు. పదిహేను రోజుల్లో "ఫలానా సేటు దగ్గర పిస్టల్ ఉన్నదట" అనే మాట యార్డు దాటుతుంది. తర్వాత వచ్చేవాళ్లు దానికి తయారై వస్తారు, ముగ్గురి బదులు ఐదుగురు వస్తారు, మాట్లాడకుండా ముందే కొడతారు. మీరు దాచాల్సింది పైసలు కదిలే దారినీ వేళనూ. దాన్ని దాచగలిగితే నడుముకు ఏం కట్టుకున్నారన్నది రెండో విషయమవుతుంది.

అది చెప్పినంత తేలిక కాదని నాకు తెలుసు. రైతు ఖాతాలో వేస్తానంటే "బ్యాంకోడు పాత లోను కింద పట్టుకుంటడు, నగదే ఇయ్యి" అంటాడు. మీరు మొండికేస్తే పక్క అడ్తికి పోతాడు. నాలుగైదు ఖాతాలు పోవచ్చు, అది నిజమైన నష్టమే. కానీ లోను లేని రైతులు కూడా అలవాటుగా నగదు అడుగుతుంటారు. ముందు వాళ్లను ఖాతా చెల్లింపుకు మార్చండి. నగదే కావాలన్నవాళ్లను పగటిపూట దుకాణానికే రమ్మనండి, రానుపోను బస్సు కిరాయి మీరే ఇస్తామనండి. ఊర్లకు పోక తప్పకపోతే బైక్ మానేసి కారులో, ఇద్దరితో, పొద్దున పూట, ప్రతిసారీ వేరే దారిన పొండి. ఏ రోజు పోయేదీ దుకాణంలో ఎవరికీ చెప్పకండి. దారిలో నగదు పోతే భరించే బీమా పాలసీలు కూడా ఉన్నాయి. బీమా కంపెనీని అడిగి, ఎంతమంది తోడుండాలి, ఎలాంటి బండి ఉండాలి అనే షరతులు చదివి తీసుకోండి. సీజన్ నాలుగు నెలలకు సెక్యూరిటీ ఏజెన్సీ నుంచి లైసెన్సు తుపాకీ ఉన్న గార్డును పెట్టుకోవడం ఇంకో దారి. ఖర్చవుతుంది, పైగా అందరికీ కనిపిస్తుంది. అయితే కనిపించే తుపాకీ దొంగను ముందే వెనక్కి తిప్పుతుంది. దాచిన తుపాకీకి ఆ గుణం లేదు.

ఇవి చేసినా లైసెన్సు తీసుకోవాలనే అనిపిస్తే తీసుకోండి. మీకు జరిగినదాన్ని బట్టి చూస్తే మీ దరఖాస్తుకు న్యాయమైన కారణమే ఉంది. వృత్తి స్వభావం వల్ల ప్రాణానికి, ఆస్తికి ముప్పు ఉన్నవాళ్లను నియమాలే గుర్తిస్తాయి. మీది కమిషనరేట్ పరిధి కాబట్టి పోలీస్ కమిషనర్‌కు దరఖాస్తు. ఎఫ్ఐఆర్ నకలు, ఆసుపత్రి కాగితాలు, మార్కెట్ లైసెన్సు, ఆదాయపన్ను రిటర్నులు జతపరచండి. పోలీసు విచారణ ఉంటుంది, భద్రతా శిక్షణ ధ్రువపత్రం కావాలి, శారీరక, మానసిక ఆరోగ్యం మీద డాక్టరు ధ్రువపత్రం కావాలి. అక్కడ నిద్రమాత్రల సంగతి దాచకండి. దాచి తెచ్చుకున్న లైసెన్సు తర్వాత రద్దయితే పరువు కూడా పోతుంది. ఇప్పుడైతే 5 ఏండ్లకోసారి పునరుద్ధరణ. దరఖాస్తు తిరస్కరిస్తే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. వచ్చినంక ఏడాదిలో రెండు మూడుసార్లయినా రేంజ్‌లో కాల్చకపోతే, పైన చెప్పిన చిలుము పట్టిన గుండ్ల యజమానుల్లో మీరూ ఒకరవుతారు. మేడారం జాతర లాంటి జనసందోహంలోకి, పెండ్లి బరాత్‌లోకి మాత్రం ఎప్పుడూ తీసుకుపోవద్దు. సంబరాల్లో గాలిలోకి కాల్చినా 2 ఏండ్ల దాకా జైలుంది.

ఇక మీరు కొట్టేసి మళ్లీ రాసిన వాక్యం. దాన్ని చదివినంక ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మీకు భయం వేస్తోందని మీరే రాశారు, భయంతో పాటు కోపం కూడా ఉంది. రెంటినీ ఒకే తుపాకీతో తీర్చుకోవాలనుకుంటున్నారు. చట్టం భయాన్ని ఒప్పుకుంటుంది. 2024 జులై నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో 34 నుంచి 44 దాకా సెక్షన్లు ఆత్మరక్షణ గురించే. దోపిడీ చేస్తూ మీ ప్రాణం మీదికి వచ్చినవాణ్ణి ఆపడానికి అవసరమైతే ప్రాణం తీసే దాకా కూడా హక్కుంది. అయితే అవసరానికి మించి హాని చేయకూడదు. సంచి లాక్కుని పారిపోతున్నవాడి వీపు మీద కాలిస్తే, అప్పటికి మీ ప్రాణానికి ముప్పు తప్పిపోయి ఉంటుంది, హక్కు కూడా దాంతోపాటే పోతుంది. ఇక బజార్లో ఎదురుపడ్డ మనిషిని నడక చూసి గుర్తుపట్టి కాలిస్తే దాన్ని హత్య అంటారు. అదీ లైసెన్సు తుపాకీతో, మీరే సంతకం పెట్టి తెచ్చుకున్నదానితో. ఒకవేళ ఆ నడక వేరేవాడిదైతే?

ఆ అనుమానాన్ని దర్యాప్తు అధికారికి చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా చెప్పినట్టు లేదు. హమాలీ సంఘంతో తగువవుతుందనో, తప్పయితే మొహం ఎట్లా చూపించాలనో ఆగి ఉంటారు. అర్థం చేసుకోగలను. కానీ నడక ఒక్కటే సాక్ష్యంగా నిలబడకపోయినా, విచారణకు అది మంచి కొస. ఆ రోజు రాత్రి అతని ఫోన్ ఎక్కడుంది, ఎవరితో మాట్లాడాడు అన్నవి పోలీసులు చూడగలరు, మీరు చూడలేరు. స్టేషన్‌కు పోయి అదనపు వాంగ్మూలం ఇస్తానని చెప్పండి. ఆ రోజు పైసల సంగతి తెలిసినవాళ్ల పేర్లన్నీ రాసివ్వండి. అక్కడ పట్టించుకోకపోతే ఏసీపీకి రాతపూర్వకంగా ఇవ్వండి. ఈ పని కాకముందు లైసెన్సు మీ చేతికి రాకుండా ఉంటేనే మంచిదని నేను మనస్ఫూర్తిగా కోరుకుంటున్నాను. చెమటలు, ఉలికిపాటు, నిద్రలేమి కత్తిపోటు తర్వాత చాలామందికి వస్తాయి, మానసిక వైద్యుడి దగ్గర వాటికి మందు, మాట రెండూ ఉంటాయి. చేతికి డాక్టరు దగ్గరికి పోయినట్టే దీనికీ పొండి.

దరఖాస్తు పెట్టే ముందు ఒక పని చేసి చూడండి. మీ కాంటా దగ్గరి అరకిలో రాయిని గుడ్డలో చుట్టి, పిస్టల్ పెట్టాలనుకున్న చోటే నడుముకు కట్టుకోండి. పొద్దున యార్డుకు పోయినప్పటి నుంచి రాత్రి పడుకునే దాకా, పది రోజులు. బస్తా మీద కూర్చున్నప్పుడు, బైక్ మీద, అన్నం తినేటప్పుడు, బాత్‌రూంలో, గుడికి పోయినప్పుడు దాన్ని ఎన్నిసార్లు సర్దుకున్నారు, ఎన్నిసార్లు విప్పి పక్కన పెట్టారు, ఎన్నిసార్లు మరిచిపోయి వదిలేసి వచ్చారు, ఎవరెవరు "ఏందన్నా అది" అని అడిగారు, ఒక కాగితం మీద గీతలు పెట్టుకోండి. ఆ రాయి పేలదు. పిస్టల్ విషయంలో ఆ గీతల్లో ప్రతి ఒక్కటీ ఒక ప్రమాదమే. పది రోజుల తర్వాత ఆ కాగితం చూసుకుని నిర్ణయం మీరే తీసుకోండి. కొనాలనే అనిపిస్తే కొనండి, నేను తప్పు పట్టను.

ఇంటామె అడిగిన ప్రశ్నకు మీరు ఇంకా జవాబు చెప్పలేదు. ఇంటర్ చదివే కొడుకుకు బీరువా తాళంచెవి ఎక్కడుంటుందో మీకంటే ముందే తెలుసు. గోడకు బోల్టులు బిగించిన ఇనుప లాకర్ కావాలి, గుండ్లు అందులో కాకుండా వేరే తాళంలో ఉండాలి, రెండు చెవులూ మీ దగ్గరే ఉండాలి. నిద్రమాత్ర వేసుకున్న రాత్రి ఆ లాకర్ తెరవనని ఆమెకు మాటివ్వాలి. దరఖాస్తు ఫారం కంటే ముందు ఆ లాకర్ ఏ గదిలో, ఏ గోడకు పెడతారో ఆమెను పక్కన కూర్చోబెట్టుకుని మాట్లాడండి. ఆమె ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోవడం లేదో విని, నాకు మళ్లీ రాయండి.